చుక్క చేసిన నేరము

జంషెడ్‌పూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమును నేనెరుగుదును. తాతగారు ఉక్కు కార్ఖానాలో పనిచేసి విశ్రమించినవారు. చదువుకై వేరొక నగరమున నున్న మనుమరాలు ఒకనాడు 'ఆదివారం వస్తున్నా' అని ఫోనులో వార్త పంపి, దాని వెంట మూడు ఆశ్చర్యార్థకములను, ఐదు నవ్వుమొగములను జతపరచినది. తాతగారు 'సరే.' అని బదులు వ్రాసిరి. ఆ చివరి చుక్కను చూచి, తాతకు తనపై కోపము వచ్చినదని ఆమె రోజంతయు దిగులుపడినదట.

వాక్యము ముగిసినదని తెలుపుట తప్ప ఆ చుక్క ఏ నేరము చేసినది? అందరును కేకలు వేయుచున్నచోట మెల్లగా మాటలాడువాడు అలిగినట్లే తోచును.

నిజమునకు ఈ గుర్తులు మనకు తాతలనాటివి కావు. తాళపత్రములలో మాటల నడుమ ఎడమే లేదు. పద్యము ముగిసినచోట తరచు నిలువుగీత యుండెడిది. జంషెడ్‌పూరు తెలుగువారు హిందీ, వంగ గ్రంథములలో ఆ గీతను నేటికిని చూచుచున్నారు. మనము మాత్రము అచ్చుతోపాటు వచ్చిన ఇంగ్లీషు చుక్కకు అలవాటుపడితిమి.

పైగా మన భాషలో ప్రశ్న మాటలోనే యున్నది. 'వచ్చినాడా' అన్నప్పుడు చివరి దీర్ఘమే అడుగుచున్నది. అయ్యో, ఔరా, ఓహో అను అవ్యయములు ఏ గుర్తును కోరక భావమును పలుకును. కాని 'వాడు వచ్చినాడు?' అని నమ్మలేక అడుగునపుడు మాటలో దీర్ఘము లేదు. అడుగునది ఆ గుర్తొక్కటే. అక్కరలేనిచోట రెండేసి, మూడేసి గుప్పించిన, ఈ అక్కరగల చోట దానిని ఎవరు గమనింతురు?

నవ్వుమొగము కథయు నిట్టిదే. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్కాట్ ఫాల్‌మన్ అను పండితుడు, రెండు చుక్కలు, ఒక చిన్న గీత, ఒక కుండలీకరణము చేర్చి దానిని ప్రతిపాదించెను. కంప్యూటరులో వ్రాసిన పరిహాసమును నిజమని పొరబడకుండుటకే అది. నేడది భోజనమైనదను వార్త వెంటను వచ్చుచున్నది.

గుర్తు అరిగిపోవుటకంటె నాకు పెద్దగా తోచు నష్టము మరొకటి. శ్రద్ధగా వ్రాయువాడు పెట్టని గుర్తునకు కూడ ఇప్పుడు అర్థము చెప్పుచున్నారు. పూర్వము కార్డుపై చోటు చాలక క్లుప్తముగా వ్రాసిన తండ్రిని ఏ బిడ్డయు కోపిష్ఠి యనుకొనలేదు.

తాతగారికి సంగతి తెలిసినది. నవ్వుమొగములు మాత్రము ఆయన నేర్వలేదు. మరుసటి మారు 'సరే తల్లీ, బండి ఎక్కగానే చెప్పు.' అని వ్రాసిరి. చివర చుక్క యట్లే యున్నది.