ఉచిత న్యాయసహాయం

అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్‌దాస్ అనే వ్యక్తిపై క్రిమినల్ కేసు నడిచింది. వకీలును పెట్టుకొనే స్తోమత అతనికి లేదు. ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని న్యాయస్థానం అతనికి తెలియజేయలేదు. వకీలు లేకుండానే శిక్ష పడింది. అందువల్ల 1986లో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది.

1987 నాటి న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు.

కొరాపుట్ జిల్లావారు జయపురంలోను, రాయగడ జిల్లావారు రాయగడలోను ఉన్న జిల్లా న్యాయసేవా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. పేరు, చిరునామా, కేసు వివరాలు తెల్లకాగితంపై రాసి ఇవ్వవచ్చు. రాయలేనివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకొంటారు. ఖైదీలు జైలు అధికారి ద్వారా పంపవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు. చదువుకొన్న పిల్లలు ఇరుగుపొరుగువారికి ఈ దరఖాస్తు రాసిపెట్టవచ్చు.