ఒక్క వాయువును విడిగా పట్టుకోవాలంటే

హైటెక్ సిటీ ఆఫీసుల్లో భోజనం తర్వాత మీటింగు అంటేనే ఆవులింతలు. తప్పు తిండిదా, ఏసీదా, గదిలో నిలిచిపోయిన గాలిదా? బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420) ఉంటుంది. కిటికీలు తెరుచుకోని అద్దాల గదిలో పదిమంది కూర్చుంటే ఇట్టే వెయ్యి దాటుతుంది. దాంతోపాటే వేడి, చెమట వాసన, ఊపిరిలోని ఇతర ఆవిర్లూ పెరుగుతాయి. వీటిలో దోషి ఏదో ఆ గదిలో కూర్చుని తేల్చలేం.

అందుకే గాలి పూర్తిగా తమ అదుపులో ఉండే గదుల్లో మనుషులను కూర్చోబెట్టి పరీక్షిస్తారు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల వాళ్లు 2012లో ప్రచురించిన ప్రయోగం చూడండి. బయటి గాలి పుష్కలంగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వచ్చేలా ఉంచారు. అలా ఉంటే మనుషుల నుంచి వచ్చే ఆవిర్లు పేరుకోవు. ఆ గాలిలోకి శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి 600, 1000, 2500 పీపీఎంల దగ్గర నిలిపారు. ఏ విడతలో ఎంతో కూర్చున్నవాళ్లకు చెప్పలేదు. తెలిస్తే ఆ ఆలోచనే ఫలితాన్ని పక్కదారి పట్టిస్తుంది. 22 మందిలో నిర్ణయాలు తీసుకునే నేర్పు 1000 దగ్గరే తగ్గింది, 2500 దగ్గర బాగా పడిపోయింది.

తర్వాత డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. 25 మందిని ఒకసారి శుద్ధ వాయువుతో 3000 పీపీఎంలో ఉంచారు. ఇంకోసారి గాలి సరఫరా తగ్గించి, వాళ్ల ఊపిరితోనే అదే 3000కి చేరనిచ్చారు. అంకె ఒకటే. మొదటిసారి చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండోసారి తలనొప్పి, నిద్రమత్తు పెరిగాయి.

ఏళ్ల తరబడి పీల్చే గాలి ఏం చేస్తుందో మాత్రం ఇలాంటి గది చెప్పలేదు. కొద్ది గంటల్లో సర్దుకునే మార్పులు తప్ప మనుషులకు ఇంకేమీ కలిగించకూడదు కదా. దానికి ఊళ్లలోకే వెళ్లాలి. హైదరాబాద్ శివార్లలోని 28 గ్రామాల్లో అలాగే చేశారు. అక్కడ గాలిలోని సూక్ష్మధూళి (పీఎం2.5) సగటు ఘనమీటరుకు 32.8 మైక్రోగ్రాములు. ఆ ధూళి ఎక్కువున్న చోట ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉందని 2020లో ప్రకటించారు. పొయ్యి పొగ, తిండి, పని అన్నీ కలిసిపోయి ఉండే చోట వాటిని గణితంతోనే విడదీయాలి.

ఇక మీటింగు గది సంగతి. బయటి గాలి తేవాల్సిందే, కానీ మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల పొగ కూడా వెంట వస్తుంది కాబట్టి సూక్ష్మధూళిని పట్టే ఫిల్టర్ గుండా తేవాలి. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే పీల్చేసే యంత్రం పెడితే మీటరు మీద అంకె దిగుతుంది. తలనొప్పి దిగుతుందన్న భరోసా లేదు.