వెల్లకిల పడ్డవాడు ఓడినట్టేనా?

మన గోదాలో యిద్దరు వస్తాదులు కలియబడినప్పుడు యెవడి భుజాలు రెండూ మట్టికి ఆనుతాయో వాడు ఓడినట్టు. అక్కడితో కుస్తీ ఆఖరు. గెలిచినవాడు తొడ చరుస్తాడు, ఓడినవాడు లేచి మట్టి దులుపుకుంటాడు. అందుకే మనం యెవణ్ణయినా బాగా ఓడిస్తే ‘వాణ్ణి మట్టి కరిపించాం’ అంటాం.

కాని, బాలలూ, వీపు నేలకు ఆనిన తరవాతనే అసలు ఆట మొదలయ్యే కుస్తీ ఒకటి వున్నది. దాన్ని బ్రెజిలియన్ జియు-జిట్సు అంటారు. పేరులో రెండు దేశాలు కలిసి వున్నాయి చూడండి! ‘జియు-జిట్సు’ జపాను మాట, దానికి ముందున్నది దక్షిణ అమెరికాలోని బ్రెజిలు. యీ రెండూ యెలా కలిశాయంటే—

జపానులో జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో కోడోకాన్ అనే వ్యాయామశాల పెట్టి, పాత జియు-జిట్సు పట్లను వడగట్టి జూడో నేర్పసాగాడు. అక్కడ తయారైనవాడే మిట్సుయో మయెదా. యితను 1904లో అమెరికా వెళ్ళి, ఆ తరవాత దేశాలన్నీ తిరుగుతూ, ప్రదర్శనలిస్తూ, 1914లో బ్రెజిలు చేరి, చివరకు అమెజాన్ నది ముఖద్వారం దగ్గరి బెలెం పట్నంలో స్థిరపడ్డాడు. అక్కడి జనం అతన్ని ‘కోండే కోమా’ అనేవాళ్ళు. ఆ వూరి కుర్రవాడు కార్లోస్ గ్రేసీ అతని దగ్గర విద్య నేర్చాడు; తరవాత తన తమ్ముళ్ళకు నేర్పాడు. ఆ తమ్ముళ్ళలో చిన్నవాడు హీలియో. బక్కపలచటి మనిషి. బలవంతుడు తన మీద పడితే తోసిపారేసే శక్తి లేనివాడు. అటువంటివాడు యేం చెయ్యాలి? కిందనే వుండి, అలిసిపోకుండా, కాళ్ళతో కాచుకుంటూ, పైవాడు పొరపాటు చేసేదాకా కనిపెట్టుకుని వుండాలి. యీ విద్య బ్రెజిల్లో అలాగే పెరిగింది.

కాళ్ళతో కాచుకోవటాన్ని ‘గార్డు’ అంటారు. గార్డు అంటే కాపు. కిందివాడు వెల్లకిల పడుకుని పైవాణ్ణి తన రెండు కాళ్ళ మధ్యా వుంచుకుంటాడు. కాలు చేతికంటే బలమైనది, పొడుగైనది. అందుచేత కాళ్ళు అడ్డం వున్నంతసేపు పైవాడు మీదికి రాలేడు. ఆ కాళ్ళను దాటి పక్కకు చేరుకుని, మూడు సెకన్లు కదలనీయకుండా పట్టి వుంచితే పైవాడికి 3 పాయింట్లు వస్తాయి. మరి కిందివాడు పైవాణ్ణి తలకిందులు చేసి తాను పైకి వస్తే? దాన్ని స్వీప్ అంటారు. దానికి 2 పాయింట్లు.

యిక, పైవాడు సగం దాటి, ఒక కాలు మాత్రం కిందివాడి రెండు కాళ్ళ మధ్యా చిక్కుబడి ఆగిపోయాడనుకోండి. పూర్తిగా కాపూ కాదు, కాపు పోనూ లేదు. యిదే ‘హాఫ్ గార్డు’, అంటే సగం కాపు. చాలా కాలం దీన్ని యెవరూ గొప్పగా చూడలేదు. కోటగోడ సగం కూలిన తరవాత లోపలివాళ్ళు తలుపుకు బల్ల అడ్డం పెట్టినట్టు, యేదో కాసేపు ప్రాణం నిలుపుకునే చోటుగా చూశారు.

1990 తరవాత యీ అభిప్రాయాన్ని మార్చినవాడు రియో డి జెనీరో వాడు, రొబెర్తో కొర్రేయా. ఆటగాళ్ళంతా అతన్ని ‘గోర్దో’ అని పిలుస్తారు. పోర్చుగీసు భాషలో గోర్దో అంటే లావుపాటివాడని అర్థం. (పేర్లు పెట్టటంలో కుర్రవాళ్ళు యే దేశంలోనైనా ఒకటే!) అతనికి మోకాలు దెబ్బతిన్నది. మామూలు గార్డు ఆడాలంటే కాళ్ళు విచ్చి, మోకాళ్ళు యెటుబడితే అటు తిప్పాలి. అది అతనివల్ల కాలేదు. సాధన మానెయ్యటానికి మనసొప్పలేదు. అందుచేత మోకాలికి శ్రమ తక్కువైన సగం కాపులోనే రోజూ కూర్చున్నాడు, కాదు, పడుకున్నాడు. అక్కడే వుండి వుండి, పైకి రావటానికి దారులు వెతికాడు. మోకాలు బాగయేసరికి ‘సగం’ అన్నది దాడి చేసే చోటయింది. ఆ తరవాతి తరంలో బెర్నార్దో ఫారియా అనే బ్రెజిలు వస్తాదు ముఖ్యంగా యీ సగం కాపునే నమ్ముకుని, 2015లో బరువులతో నిమిత్తం లేని విభాగంలో ప్రపంచ విజేత అయినాడు.

యిదంతా నాకెందుకు పట్టిందంటే, మా మనమడు పదకొండేళ్ళవాడు యీ విద్య నేరుస్తున్నాడు. సన్నగా వుంటాడు. వాడి జత కుర్రవాడు వీడికంటే బరువు. మూడు నెలలపాటు రోజూ వీడు కింద, వాడు పైన. ఒకనాడు యింటికి వచ్చి, ‘తాతయ్యా, రేపటినుంచి వెళ్ళను’ అన్నాడు. మర్నాడు నేనే వెంట వెళ్ళి చాప పక్కన కూర్చుని చూశాను. నేను యీ ఆట ఆడినవాణ్ణి కాను. కాని ముప్ఫయి యేళ్ళు పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి గనక, ఒకే తప్పు పదిసార్లు చేస్తే నా కంటబడకుండా పోదు. వాడు హాఫ్ గార్డులో పడిన ప్రతిసారీ వెల్లకిల, అట్టులాగా పరుచుకుపోతున్నాడు. వాళ్ళ గురువుకూడా ‘ఒత్తిగిలు, ఒత్తిగిలు’ అని అరుస్తూనే వున్నాడు. యెందుకు ఒత్తిగిలాలో వాడికి తెలియదు. అర్థం కాని ఆజ్ఞను పిల్లలు పాటించరు. అందులో వాళ్ళ తప్పు లేదు.

మీరొక పరీక్ష చేసి చూడండి. పరుపు మీద వెల్లకిల పడుకోండి. అన్ననో అక్కనో మీ రెండు భుజాలూ నెమ్మదిగా అదిమి పట్టమనండి. యిప్పుడు తుంటిని పక్కకు జరపండి. జరగదు. తరవాత ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని, పైనున్న భుజాన్ని అంతే బలంతో అదమమనండి. యీసారి తుంటి వెనక్కు జరుగుతుంది, మోకాళ్ళు పొట్ట దగ్గరకు ముడుచుకుంటాయి. వెల్లకిల వున్నప్పుడు మీ శరీరం పలక వంటిది. ఒత్తిగిలినప్పుడు తలుపు బందు వంటిది. బందు మడుస్తుంది, పలక మడవదు. హాఫ్ గార్డులో మొదటి పాఠం యిదే: ప్రత్యర్థివైపుకు తిరిగి, ఒక పక్కన పడుకోవాలి.

పైవాడు దీన్ని వూరికే సాగనిస్తాడా? అతను మీ తల కింద చెయ్యి దూర్చి, తన భుజంతో మీ దవడను అవతలకు నెడతాడు. దీన్ని క్రాస్‌ఫేస్ అంటారు. మొహం అవతలకు తిరిగితే మొండెంకూడా అవతలకు తిరుగుతుంది. మీరు మళ్ళీ వెల్లకిల! కావలిస్తే పడుకుని, మొహం కుడివైపుకు పెట్టి, శరీరాన్ని యెడమకు దొర్లించి చూడండి, యెంత కష్టమో. అంచేత కిందనున్న చేతికి ఒకటే పని. అతని చెయ్యి తల కిందికి రాకుండా, కండ దగ్గరే అడ్డుకోవటం.

పైనున్న చేతికి యింకా గొప్ప పని వున్నది. అది ప్రత్యర్థి చంక కిందినుంచి దూరి, వీపు మీదికి చేరాలి. దీనికి అండర్‌హుక్ అని పేరు. హాఫ్ గార్డులో యిద్దరూ పోట్లాడేది ముఖ్యంగా దీనికోసమే. అతని చెయ్యి మీ చంక కిందికి వచ్చిందా, మిమ్మల్ని పరుస్తాడు. మీ చెయ్యి అతని చంక కిందికి పోయిందా, మీరు అతని పక్కనుంచి పాక్కుంటూ వెనకకు పోగలరు. వెనకకు చేరి రెండు కాళ్ళూ అతని తొడలకు లోపలివైపున తగిలించి పట్టుకుంటే 4 పాయింట్లు. అండర్‌హుక్ దొరకకపోతే కంగారుపడి చెయ్యి చాచకూడదు. పై మోకాలు అతని రొమ్ముకు అడ్డంగా పెట్టి, డాలులాగా దూరం వుంచుతూ, సమయంకోసం చూడాలి. చాచిన చెయ్యి ప్రత్యర్థికి దొరికిన చెయ్యే.

సరే, అండర్‌హుక్ దొరికింది. పెద్ద మనిషిని చిన్నవాడు యెలా పడవేస్తాడు? యిది బలంతో కాదు, లెక్కతో జరుగుతుంది. నాలుగు కాళ్ళ స్టూలును తీసుకోండి. ఒక పక్కనున్న రెండు కాళ్ళూ లేకపోతే ఆ స్టూలు యెటు పడుతుంది? లేని కాళ్ళవైపే గదా! మీ మీద వంగిన ప్రత్యర్థికికూడా నాలుగు కాళ్ళే: రెండు మోకాళ్ళు, రెండు చేతులు. అందులో ఒక కాలు ముందే మీ కాళ్ళ మధ్య బందీ అయింది. అండర్‌హుక్‌తో మీరు మోకాళ్ళ మీదికి లేచి అతని పక్కకు చేరేసరికి, అతను గాభరాపడి అదే పక్క చేతిని మీ చేతికి మెలివేసి, మీవైపు బరువంతా వాల్చి మిమ్మల్ని కిందికి అదుముతాడు. ఆ చేతిని యిప్పుడు నేలకు ఆనించలేడు. ఒకే పక్కన కాలూ పోయింది, చెయ్యీ పోయింది. అతను తోసే దిక్కుకే మీరు అతని కిందుగా దొర్లితే, అతను మీ మీదుగా పోయి వెల్లకిల పడతాడు. తోసిన బలం అతనిది, పాయింట్లు మీవి.

అతను తెలివైనవాడై, మీవైపు వాలకుండా అవతలకు బిగదీసుకుంటే? అప్పుడు వెనక్కు దొర్లటం దండగ. ఖాళీగా వున్న చేత్తో అవతలి మోకాలిని పట్టుకుని, భుజంతో అటే నెట్టాలి. మనిషిని పక్కకు నెడితే మామూలుగా ఒక అడుగు వేసి నిలదొక్కుకుంటాడు; మోకాలు మీ చేతిలో వుంటే ఆ అడుగు పడదు. కాబట్టి రెండు దారులూ తెలిసి వుండాలి. యే దారి పట్టాలో మీరు నిర్ణయించేది కాదు, అతని బరువే చెపుతుంది. మా మనమడు మొదట్లో యింటినుంచే నిర్ణయం చేసుకుని వెళ్ళి, బరువు యెటున్నా ఒకే దారిన దొర్లేవాడు. తప్పు లెక్కకు సరైన సూత్రం వేసినట్టుండేది.

యీ ఆటలో చేతులూ మెడా చిక్కించుకునే పట్లుకూడా వున్నాయి. అవి నేను యిక్కడ రాయను. గురువు దగ్గర, చాప మీద నేర్వవలసినవి. కాని వాటి సంబంధమైన సంగతి ఒకటి చెప్పాలి. 1951 అక్టోబరులో, రియోలోని మరకానా స్టేడియంలో, హీలియో గ్రేసీకి జపాను జూడో వీరుడు మసహికో కిమురాతో పోటీ జరిగింది. కిమురా హీలియో చేతిని మెలిపెట్టి పట్టాడు. నొప్పి పుట్టినప్పుడు చేత్తో తడితే చాలు, ప్రత్యర్థి వదిలెయ్యాలి. అదే ఓటమి ఒప్పుకోవటం. హీలియో తట్టలేదు. చెయ్యి విరిగింది. అయినా తట్టలేదు. అన్న కార్లోస్ తువాలు విసిరి పోటీ ఆపించాడు. యిప్పటికీ ఆ పట్టును ‘కిమురా’ అనే అంటారు. ఓడిన పక్షంవాళ్ళే తమను గెలిచినవాడి పేరు ఆ పట్టుకు నిలుపుకున్నారు, అది నాకు నచ్చింది. హీలియో తట్టకపోవటాన్ని చాలామంది వీరత్వమంటారు. నేను ఒప్పుకోను. ఆయన పెద్దవాడు, తన చెయ్యి తన యిష్టం. మీ చెయ్యి యింకా పెరుగుతున్న చెయ్యి. నొప్పి పుట్టేదాకాకూడా ఆగవద్దు. చిక్కిందని తెలియగానే తట్టండి. యెదుటివాడు తడితే ఆ క్షణమే వదలండి. పిల్లల పోటీల్లో కాళ్ళను మెలిపెట్టే పట్లను అసలు నిషేధించారు. యివేవీ బడి వరండాలో, సిమెంటు నేల మీద, గురువు లేకుండా ప్రయత్నించకండి.

ఒంటరిగా యింట్లో చెయ్యదగ్గది ఒకటున్నది. దాని పేరు రొయ్య! జపానువాళ్ళు ‘ఎబి’ అంటారు, అదీ రొయ్యే. వెల్లకిల పడుకుని, ఒక పాదం నేలకు తన్నిపెట్టి, తుంటి లేపి, ఒత్తిగిలుతూ నడుమును వెనక్కు విసరాలి. బుట్టలో పడ్డ రొయ్య యెలా ముడుచుకుని వెనక్కు యెగురుతుందో సరిగ్గా అలాగే. గది ఈ చివరినుంచి ఆ చివరకు, కుడివైపు ఒకసారి, యెడమవైపు ఒకసారి. హాఫ్ గార్డులో పోయిన చోటును తిరిగి సంపాదించేది యీ రొయ్య నడకే. మా మనమడు నెల రోజులు మా హాలంతా యిలా పాకాడు. వాళ్ళ నానమ్మకు గచ్చు తుడిచే పని తప్పింది.

తరగతిలో గురువు మరొకటి చేయించాడు. ఆట మొదటినుంచి కాక, హాఫ్ గార్డులోనే మొదలు, రెండు నిమిషాలు. పైవాడు దాటాలి, కిందివాడు లేవాలి. అయిపోగానే స్థానాలు మార్పు. పైన వున్నప్పుడు తనకు యేది చికాకు పెట్టిందో, కిందికి వచ్చాక అదే చెయ్యటం మా వాడు నేర్చాడు.

ఆ తరవాత ఒక శనివారం తరగతిలోనే చిన్న పోటీ పెట్టారు. వీడికి ఆ బరువు కుర్రవాడే వచ్చాడు. మొదటి నిమిషంలోనే వీడి కాళ్ళు దాటేశాడు, 3 పాయింట్లు. నేను గోడ గడియారంకేసి చూస్తూ కూర్చున్నాను. వీడు రొయ్యలా రెండుసార్లు నడుము విసిరి, ఒక కాలు పట్టుకుని, హాఫ్ గార్డు సంపాదించాడు. ఒత్తిగిలాడు. దవడ మీదికి వచ్చే చెయ్యిని అడ్డుకున్నాడు. అండర్‌హుక్ దొరికింది, మోకాళ్ళ మీదికి లేచాడు. అవతలివాడు తన బరువంతా వీడి మీదికి వాల్చాడు. వీడు కిందుగా దొర్లాడు. 2 పాయింట్లు. గంట కొట్టారు.

మూడుకు రెండు; మా వాడు ఓడిపోయాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. యింటికి వచ్చి చెప్పులు విడుస్తూ, ‘తాతయ్యా, మొదట్లో కాళ్ళు దాటనియ్యకుండా యెలా?’ అన్నాడు.