ఊరి గింజ - ఊరి ఆకలి

చేవెళ్ల, మొయినాబాదు రైతులు టమాటలను, ఆకుకూరలను హైదరాబాదు నగరమునకు చేర్చి అమ్ముకొందురు. దాపున కొనువారున్నందుననే ఆ సాగు నిలిచినది. కొనువాడు లేనినాడు కాచిన పంట చేనిలోనే కుళ్లిపోవును.

విద్యార్థులారా! కరవు సోకినచోట అన్నము పెట్టుట ధర్మము. కాని ఆ గింజలు ఎచ్చటివి కావలెను? పరదేశపు ధాన్యము ఉచితముగా వచ్చిపడినచో, సమీపమున పండిన గింజలకు ధర పడిపోవును. నష్టపడిన రైతు మరుసటి ఏడు విత్తుటకు జంకును. నేడు తీరిన ఆకలి రేపు మరల వచ్చును.

చేవెళ్లకు వాయవ్యముననున్న జహీరాబాదు ప్రాంతమున 1990ల దశకములో పేద మహిళల సంఘములు ఇందుకొక ఉపాయము చూపినవి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో బీడుభూములు బాగుచేసి జొన్నలు పండించిరి. సాగుకై పొందిన అప్పును జొన్నల రూపమున సంఘమునకు తీర్చిరి. గింజలు కరవైన వానకాలమున ఆ జొన్నలను ఊరి పేదలకే చౌకగా అమ్మిరి.

ఆఫ్రికాలోను ఇట్టి యత్నము జరిగినది. ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమము 2008లో 20 దేశములలో దీనిని ఆరంభించినది. వానిలో ఇథియోపియా, ఘనా, మాలి వంటి ఆఫ్రికా దేశములే అధికము. చిన్నరైతుల సంఘములనుండి మొక్కజొన్నలు, చిక్కుడుగింజలు కొని, ఆకలిగొన్నవారికి పంచిరి. తేమ లేక, పురుగు పట్టక ధాన్యమును నిలువ చేయు పద్ధతులను రైతులకు నేర్పిరి.

అయితే చుట్టుపట్ల పంటలన్నియు ఎండినప్పుడు అక్కడనే కొన్నచో ధర పెరిగి, కొనితిను పేదలకే కష్టము కలుగును. అప్పుడు దూరపు ధాన్యమే శరణ్యము. పంట ఉన్నచోట కొనుట, లేనిచోటికి తెచ్చుట, ఈ వివేకమే అన్నదాతను, అన్నార్తుని ఇరువురను కాపాడును.