మేసన్ జార్ ఎందుకు? అటక మీద జాడీ ఉందిగా!

అనంతగిరి మా ఊరివైపు అని చెప్పగానే ఆఫీసులో అందరూ అడిగేది ఒకటే: "వికారాబాద్ కొండలా, అరకు దారిలోదా?" రెండూ కాదు. మాది సూర్యాపేట జిల్లా, కోదాడ పక్కనున్న అనంతగిరి మండలం. వ్యూ పాయింట్లు లేవు, కాఫీ తోటలు లేవు. వరి పొలాలు, గట్ల మీద తాటిచెట్లు, ఊళ్లో కుమ్మరి ఇల్లు, మేదరి ఇల్లు ఉన్నాయి. ఇప్పుడు పెళ్లిళ్లలో 'రస్టిక్ థీమ్' పేరుతో వేలకు వేలు పోసి అద్దెకు తెచ్చుకుంటున్న లుక్కంతా దాదాపు ఇదే.

మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. ఫోన్‌లో పిన్‌టరెస్ట్ బోర్డు చూపించి "అక్కా, నాకిలా కావాలి" అంది. గోనెగుడ్డ పరిచిన టేబుళ్లు, చెక్క బోర్డులు, మేసన్ జార్లలో పూలు, చిన్న చిన్న లైట్లు. చూడటానికి బానే ఉంది. కానీ అది ఎవరి పల్లెటూరు?

వాళ్ల నాయనమ్మ, మన నాయనమ్మ

మేసన్ జార్ కథ చిన్నదే. అమెరికాలో జాన్ ల్యాండిస్ మేసన్ అనే రేకుపనివాడు 1858లో ఆ మరమూత సీసాకు పేటెంట్ తీసుకున్నాడు. పండిన కూరగాయలు, పళ్లు చలికాలానికి నిల్వ చేసుకోవడానికి అక్కడి రైతుల ఇళ్లలో వాడేవాళ్లు. అంటే పిన్‌టరెస్ట్‌లో మనం మురిసిపోయే ఆ సీసా వాళ్ల నాయనమ్మల పచ్చడి సీసా లాంటిదే. వాళ్లు తమ అటక మీది సామాను దించి పెళ్లి అలంకరణ చేసుకున్నారు. మనం కూడా మన అటక ఎక్కితే సరిపోతుంది కదా!

ఎక్కాం. నాలుగు పింగాణీ జాడీలు, రెండు ఇత్తడి బిందెలు, ఒక పాత రాగి కాగు, చిల్లులు పడిన జల్లెడ, నాయనమ్మ కవ్వం దొరికాయి. చింతపండుతో తోమితే ఇత్తడి తళతళలాడింది. జాడీల్లో చామంతులు పెట్టాం. చెల్లి మేసన్ జార్ల మాట మళ్లీ ఎత్తలేదు.

కొటేషన్‌లో ఏముందంటే

ఒక ఈవెంట్ కంపెనీ దగ్గర కొటేషన్ తీసుకున్నాం. ప్లాస్టిక్ బంతిపూల దండలు, ప్లాస్టిక్ గడ్డి గోడ, థర్మాకోల్ అక్షరాలు, మట్టి రంగు వేసిన ఫైబర్ కుండలు. మట్టికుండలు చేసే మనిషి రెండు వీధుల అవతల ఉండగా, మట్టికుండలా కనిపించే ఫైబర్ కుండ సిటీ నుంచి వ్యాన్‌లో వస్తుందన్నమాట!

సాఫ్ట్‌వేర్ బుద్ధి ఊరుకోదు కదా. కొటేషన్‌ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతి లైన్ పక్కన మూడు కాలమ్స్ చేర్చాను. ఇది ఇక్కడ దొరుకుతుందా? ఎవరు చేస్తారు? ఎన్ని రోజులు ముందు చెప్పాలి? సౌండ్ సిస్టం, కుర్చీలు, జనరేటర్ లాంటివి తప్ప మిగతావన్నీ మా చుట్టుపక్కలే దొరుకుతాయని తేలింది.

ఇందులో రూల్స్ సంగతి కూడా ఉంది. అలంకరణకు వాడే థర్మాకోల్, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా స్టేజీ మీద పేర్లు థర్మాకోల్‌తోనే కనిపిస్తుంటాయి. పూలు గుచ్చడానికి వాడే ఆకుపచ్చ ఫోమ్ ఇటుక కూడా ప్లాస్టికే. అది పొడిపొడిగా రాలి మైక్రోప్లాస్టిక్ అవుతుందనీ, నీటి జీవాలు దాన్ని మింగుతున్నాయనీ ఆస్ట్రేలియాలోని ఆర్ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో చెప్పారు. దానికి బదులు మేం కుండలో తడి ఇసుక పోసి పూలకాడలు గుచ్చాం. రాత్రంతా నిలిచాయి.

కుండకు టైం కావాలి

మా వైపు పెళ్లంటే ఐరేని కుండలు ఉండాల్సిందే. సున్నం, రంగులతో బొమ్మలు వేసిన ఆ కుండల్ని కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెస్తారు. సంక్రాంతి కాగానే ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లి, వాటితోపాటు నలభై చిన్న కుండలు, వంద ప్రమిదలు కావాలన్నాను. పెద్దాయన నవ్వాడు.

"పెండ్లికి ఐరేని కుండలు, ఎండాకాలం రెండు కూజలు. అంతకుమించి అడిగేటోళ్లు ఏరి బిడ్డా? చేస్తా గానీ, రేపటికి కావాలంటే కావు. మన్ను ఆరాలె, ఆవం కాలాలె."

ఆ మాటలోనే ప్రాసెస్ అంతా ఉంది. మట్టి నానబెట్టి తొక్కాలి, సారె మీద చేయాలి, నీడలో నిదానంగా ఆరనివ్వాలి. తడి మిగిలిన కుండ ఆవంలో పగిలిపోతుంది. ముసురు పట్టిందంటే ఇంకా ఆలస్యం. అందుకే నెల ముందే చెప్పాలి. ఫైబర్ కుండ గెలిచేది ఇక్కడే. అది గోడౌన్‌లో రెడీగా ఉంటుంది, ఫోన్ చేస్తే సాయంత్రానికి దిగుతుంది.

"ఫైబర్‌దైతే పది పెళ్లిళ్లకు వాడొచ్చు కదమ్మా, ఈ మట్టివి రేపు ఏం చేస్తవ్?" అన్నాడు మా మేనమామ. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ముందే ఆలోచించాం. చిన్న కుండల్లో తులసి మొక్కలు పెట్టి చుట్టాలకు ఇచ్చాం. మిగిలినవి వేసవిలో పిట్టల నీళ్లకు పనికొచ్చాయి. అయినా అసలు తేడా వేరే. ఫైబర్ కుండ పది పెళ్లిళ్లు తిరిగితే ఆ అద్దె ఒక్క గోడౌన్‌కే పోతుంది. పది పెళ్లిళ్లకు మట్టికుండలు చేయిస్తే పదిసార్లు సారె తిరుగుతుంది. పెద్దాయన కొడుకు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. పని ఉంటేనే కదా ఎవరైనా నేర్చుకునేది!

మేదరివాళ్ల దగ్గర పళ్లకు, సారెకు వెదురు తట్టలు, చాటలు చేయించాం. లోతైన బుట్టల్ని బోర్లించి లోపల ఎల్ఈడీ బల్బు పెడితే, వెదురు సందుల్లోంచి నీడలు పడి పందిరంతా అందంగా మారిపోయింది. ఫొటోల్లో అందరూ అడిగింది ఆ లైట్ల గురించే. రేటు వాళ్లనే చెప్పమన్నాం. సగం అడ్వాన్స్ ఇచ్చాం. మాల్‌లో ఆడని బేరం మేదరి ఇంటి ముందు ఆడటం ఏం బాగుంటుంది?

మీరూ చేయాలనుకుంటే

పందిరి: కర్రలు, పైన కొబ్బరి మట్టలు, గుంజలకు అరటి బోదెలు. మామిడి తోరణాలు ముందురోజు సాయంత్రం కట్టి తడిగుడ్డ కప్పితే వాడవు.

పూలు: బంతిపూలు నూలుదారంతో గుచ్చండి. నైలాన్ దారం వాడితే తర్వాత ఎరువుగుంతలో వేయలేరు. దండల్ని తడి గోనెసంచుల మధ్య నీడలో ఉంచండి.

పేర్ల బోర్డు: పాత తలుపు చెక్కో, చాటో తీసుకోండి. చాటకు పేడతో అలికి, ఆరాక సున్నంతో పేర్లు రాస్తే థర్మాకోల్ అక్కర్లేదు. ముగ్గులు బాగా వేసే పిన్నిని అడిగితే ఫాంట్ ఇంకా బాగుంటుంది!

విసనకర్రలు: హల్దీ ఫంక్షన్‌కు తాటాకు విసనకర్రలు. ఫొటోకి ప్రాప్, ఉక్కపోతకు మందు.

జాగ్రత్త: ఎండుగడ్డి, తాటాకు ఉన్నచోట హాలోజన్ లైట్లు వద్దు. వేడెక్కని ఎల్ఈడీలే వాడండి. వైర్ల అతుకులు బయటికి కనిపించకుండా టేప్ వేయించండి. హోమగుండం దగ్గర పచ్చి కొమ్మలే కట్టండి. ఇసుక బకెట్లు రెండు అందుబాటులో ఉంచండి.

ఫొటోషూట్: పొద్దున్నే, లేదా పొద్దుగూకే ముందు తాటిచెట్ల మధ్య నులకమంచం వేస్తే చాలు, సెట్ అక్కర్లేదు. పొలం ఎవరిదో కనుక్కుని అడిగి దిగండి, కోతకొచ్చిన చేను తొక్కొద్దు. బట్టలకు పోచంపల్లి ఇక్కత్ బాగా కుదురుతుంది. హైదరాబాద్ నుంచి కోదాడ వచ్చే హైవే మీద కాస్త పక్కకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. అదే హైవే మీద కోదాడ దాటి విజయవాడ వైపు వెళ్తే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలు టేబుల్ మీద పెట్టడానికి, తర్వాత బొమ్మల కొలువుకు పనికొస్తాయి.

ఏ కాలానికి ఆ పూలే

పెళ్లికే కాదు, ఇంట్లో ఏ చిన్న గెట్-టుగెదర్ అయినా కాలాన్ని బట్టి వెళ్తే ఖర్చు తగ్గుతుంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు. గునుగు ఎండినా రూపు పోదు, కట్టలు కట్టి దాచుకోవచ్చు. సంక్రాంతికి బంతి, చామంతి, గుమ్మానికి వరికంకుల కుచ్చులు. కుచ్చులైతే పండగయ్యాక పిచ్చుకల పాలు. చలి తగ్గుతుంటే మోదుగుపూలు. ఎండాకాలం మల్లెలు, తాటాకులు. జూన్‌లో గునుగు కావాలని పట్టుబడితేనే ప్లాస్టిక్ పూలు కొనాల్సి వస్తుంది.

నిజం చెప్పాలంటే, డబ్బు కలిసొచ్చింది గానీ శ్రమ కలిసిరాలేదు. పూలు గుచ్చడానికి, తోరణాలకు, చాటలు అలకడానికి మూడు రాత్రులు పట్టింది. పిన్నులు, వదినలు, పక్కింటి పిల్లలు అందరూ కూర్చుంటేనే అయ్యింది. అంతమంది లేకపోతే అన్నీ నెత్తినేసుకోవద్దు. కుండలు, బుట్టలు, తోరణాలు ఈ మూడూ నిజమైనవి పెట్టుకుని మిగతావి వదిలేయండి.

పెళ్లి పోస్టులో ఫొటోగ్రాఫర్‌ని, మేకప్ ఆర్టిస్ట్‌ని ట్యాగ్ చేస్తాం. కుండలు చేసినాయనకు ఇన్‌స్టా లేదు. అందుకని ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాకే చెల్లి తన పోస్టులో ఆయన పేరు, ఫోన్ నంబర్ పెట్టింది. వారంలో రెండు పెళ్లిళ్ల వాళ్లు ఫోన్ చేశారట. ఒకాయన వంద కుండలు అడిగాడట, కానీ నాలుగు రోజుల్లో కావాలన్నాడట! పెద్దాయన కుదరదన్నాడు.

మీ ఇంట్లో ముహూర్తం పెట్టుకున్నారా? ఫంక్షన్ హాల్ బుక్ చేసిన రోజే కుమ్మరి ఇంటికి కూడా వెళ్లి రండి. మన్ను ఆరాలి కదా.