నేలలోని బంగాళాదుంప పండిందని తెలిసేదెలా?

మామిడి పండితే రంగు మారుతుంది, వాసన వస్తుంది. వరి పండితే కంకి వంగుతుంది. మరి మట్టిలో కనబడకుండా పెరిగే బంగాళాదుంప పండిందో లేదో ఎలా తెలుస్తుంది? తొందరపడి తవ్వితే దుంపలు చిన్నవిగా ఉంటాయి, తొక్క ఊడిపోతుంది, నిలవ ఉండవు. ఆలస్యం చేస్తే నేలలోనే కుళ్ళిపోవచ్చు. మూడు నెలల శ్రమ ఫలితం ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. ఆ నిర్ణయం వెనుక ఉన్న శాస్త్రాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

అరియాంకుప్పం ఎందుకు?

మన ఉదాహరణకు పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన ఉన్న అరియాంకుప్పంలోని ఒక ఇంటి పెరడును ఊహించుకోండి. రోమన్ల కాలంలో విదేశీ వర్తకం జరిగిన అరికమేడు ఇక్కడి నది ఒడ్డునే ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. రెండు వేల ఏళ్ళ క్రితం ఆ రేవులో సరుకు దింపిన వర్తకులెవరూ బంగాళాదుంపను చూసి ఉండరు. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల పంట. 16వ శతాబ్దంలో ఐరోపా చేరి, ఆ తరువాత మన దేశానికి వచ్చింది. అరియాంకుప్పంలో తమిళులు దీన్ని ఉరుళైక్కిళంగు అంటారు. రాయలసీమలో ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ అంటారు.

చల్లని కొండల మొక్కకు సముద్రతీరం కష్టమైన చోటు. అందుకే ఈ ఉదాహరణ. ఇక్కడ చెప్పుకునే విషయాలు యానాం, కాకినాడ, మచిలీపట్నం పెరళ్ళకు కూడా పనికివస్తాయి.

దుంప ఎలా తయారవుతుంది?

బంగాళాదుంప వేరు కాదు, అది కాండం. దాని మీద కనిపించే కళ్ళు మొగ్గలే. భూమిలో అడ్డంగా సాగే సన్నని కొమ్మ చివర ఉబ్బి దుంప అవుతుంది. ఆకులు కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసిన చక్కెర కిందికి దిగి, అక్కడ పిండిపదార్థంగా మారి నిలవ ఉంటుంది.

ఉబ్బమని కొమ్మకు చెప్పేది కూడా ఆకే. మొక్కలను పుష్పించేలా చేసే ప్రోటీన్‌కు దగ్గరి బంధువైన మరో ప్రోటీన్ ఆకుల్లో తయారై కిందికి ప్రయాణిస్తుందని, దుంప ఏర్పడటానికి అదే సంకేతమని 2011లో శాస్త్రజ్ఞులు చూపించారు. వాతావరణం వేడెక్కితే ఈ సంకేతం బలహీనపడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువగా ఉంటే దుంపలు బాగా ఊరతాయి. అంతకు మించితే మొక్క శ్వాసక్రియలో ఎక్కువ చక్కెర ఖర్చయిపోయి, దుంపకు చేరేది తగ్గుతుంది. అరియాంకుప్పంలో జనవరి రాత్రులు కూడా సాధారణంగా 20 డిగ్రీలకు అటూఇటూగానే ఉంటాయి. కనుక ఇక్కడ పెద్ద దిగుబడిని ఆశించకూడదు. వేడిని కొంత తట్టుకునే కుఫ్రీ సూర్య వంటి రకాలు ఇలాంటి చోట మేలు.

మొక్క చెప్పే గుర్తులు

పూత వస్తే దుంప సిద్ధమైనట్లేనని కొందరు అంటారు. పగలు ఎక్కువసేపు ఉండే శీతల దేశాల్లో ఆ గుర్తు కొంతవరకు పనికివస్తుంది. మన మైదానాల్లో చలికాలపు పగళ్ళు చిన్నవి. అందువల్ల చాలా రకాలు పూయనే పూయవు. పూతను నమ్ముకోకండి.

నమ్మదగిన గుర్తు ఆకు. పంట పక్వానికి వచ్చినప్పుడు ముందు కింది ఆకులు, తరువాత పై ఆకులు క్రమంగా పసుపు రంగుకు మారతాయి. కాండం మెత్తబడి నేలకు వాలుతుంది. ఆకు తనలోని పోషకాలను దుంపకు అప్పగించిందన్నమాట.

అయితే ప్రతి పసుపు ఆకూ పక్వతకు గుర్తు కాదు. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతే అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు కావచ్చు. ఆకుల మీద నీళ్ళు ఊరినట్లు నల్లని మచ్చలు వస్తే అది ఆకుమాడు తెగులు కావచ్చు. నీరు నిలిచినా ఆకులు పసుపుబారతాయి. కాబట్టి నాటిన తేదీని తప్పక రాసి పెట్టుకోండి. రకాన్ని బట్టి పంటకు 75 నుంచి 100 రోజులు పడుతుంది. నలభయ్యో రోజున ఆకులు పసుపుబారితే అది పంట కాదు, జబ్బు.

బొటనవేలి పరీక్ష

చివరి తీర్పు దుంప తొక్కదే. ఒక మొక్క పక్కన మట్టిని చేత్తో తీసి, ఒక దుంపను బయటకు తెచ్చి, బొటనవేలితో గట్టిగా రుద్దండి. తొక్క పొరలుగా ఊడివస్తే ఇంకా లేతది. ఊడకుండా గట్టిగా ఉంటే పండింది.

దీని వెనుక కారణం ఇది. ఎదిగే దుంపలో తొక్క కింద కణాలు విభజన చెందుతూనే ఉంటాయి. వాటి గోడలు పలచన, అందుకే సులువుగా చిరుగుతాయి. ఎదుగుదల ఆగాక ఆ కణాల గోడలు మందమవుతాయి. పై పొర బెండులాగా మారి లోపలి కణజాలానికి గట్టిగా అంటుకుంటుంది. ఈ పొర నీటిని బయటకు పోనివ్వదు, క్రిములను లోపలికి రానివ్వదు. తొక్క ఊడిన దుంప గాయపడిన దుంపతో సమానం.

తీరప్రాంతపు లెక్క

చల్లని ప్రాంతంలో ఆకు దానంతట అది ఎండేదాకా ఆగవచ్చు. అరియాంకుప్పంలో అలా కుదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. మార్చిలో ఎండలు ముదురుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న చిన్న చలికాలమే మన అవకాశం.

డిసెంబరు 10న నాటారనుకుందాం. 75వ రోజు ఫిబ్రవరి 23న వస్తుంది. అప్పటికి ఆకులు ఇంకా కొంత పచ్చగా ఉన్నా, అంతకు వారం ముందే నీరు ఆపి, ఆ రోజున మొక్క పైభాగాన్ని నేలమట్టానికి కోసేయండి. చక్కెర సరఫరా ఆగగానే తొక్క ముదరడం మొదలవుతుంది. 10 నుంచి 15 రోజులు ఆగి, బొటనవేలి పరీక్ష చేసి, మార్చి మొదటి వారంలో తవ్వండి. మన దేశంలో పెద్ద రైతులు కూడా తవ్వే ముందు ఇలాగే పైభాగాన్ని కోస్తారు. ఇంకా ఆగితే వేడి మట్టిలో కుళ్ళు, దుంప పురుగు ముప్పు పెరుగుతుంది.

పచ్చని దుంప ప్రమాదం

మట్టి జరిగి వెలుగు తగిలిన దుంప ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చదనం పత్రహరితం, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుగుకు సోలనిన్ వంటి విషపదార్థాలు కూడా పెరుగుతాయి. కిలో దుంపలో ఇవి 200 మిల్లీగ్రాములకు మించకూడదన్నది సాధారణంగా పాటించే పరిమితి. లేత దుంపల్లో, మొలకల్లో, తొక్కలో ఇవి ఎక్కువ. ఉడికించినా పోవు. చేదుగా ఉన్న, బాగా పచ్చబడిన దుంపలను పారేయండి. పెరుగుతున్నప్పుడే మొదళ్ళకు మట్టి ఎగదోయడం దీనికి మందు.

తవ్వాక దుంపలను కడగవద్దు. నీడలో, గాలి తగిలే చీకటి చోట పది రోజులు పరచండి. చిన్న గాయాలు మానుతాయి.

ఇతర దుంపల సంగతి

తీరానికి సహజంగా సరిపోయేది చిలగడదుంప. అది వేరు. దాని పరీక్ష వేరు. సుమారు 110 రోజులకు ఒకదాన్ని కోసి చూడండి. కోసినచోట పాలు త్వరగా ఆరి తెల్లగా ఉంటే పండింది, నల్లని పచ్చరంగు తేలితే ఇంకా పండలేదు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యానికి వాడే కర్రపెండలానికి తొమ్మిది, పది నెలలు కావాలి. తవ్విన రెండు మూడు రోజుల్లోనే అది పాడవుతుంది. దానికి నేలే మంచి గిడ్డంగి.

గుర్తుంచుకోండి: తేదీ అంచనా ఇస్తుంది, ఆకు సూచన ఇస్తుంది, తొక్క రుజువు ఇస్తుంది. మూడూ చూసి తవ్వండి.

చేసి చూడండి: ఒకే పరిమాణం గల రెండు బంగాళాదుంపలు తీసుకోండి. ఒకదాన్ని కిటికీ దగ్గర, మరొకదాన్ని చీకటి పెట్టెలో పది రోజులు ఉంచండి. రంగులో తేడాను నమోదు చేయండి. కిటికీ దగ్గరి దుంపను తినవద్దు. ఎందుకు తినకూడదో మీ మాటల్లో రాయండి.