లాప్‌టాప్ మొరాయించిందా? కంగారు పడకండి!

అమ్మాయి పెళ్ళి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు, కాలం చేసిన పెద్దవాళ్ళ వీడియోలు... ఇప్పుడన్నీ లాప్‌టాప్‌లోనే దాస్తున్నాం. ఒకరోజు అది ఆన్ కాకపోతే గుండె గుభేల్‌మంటుంది. కానీ బీరువా తలుపు బిగుసుకుపోతే లోపలి పట్టుచీరలు పాడవుతాయా? లాప్‌టాప్ చెడినా, ఫైళ్ళుండే డిస్కు చాలాసార్లు బాగానే ఉంటుంది.

నీళ్ళో, టీయో ఒలికి ఉంటే మాత్రం ఆన్ చెయ్యకుండా నేరుగా షాపుకి ఇవ్వండి. లేదంటే ముందుగా ఛార్జరు తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టి వదలండి. మళ్ళీ ఛార్జరు పెట్టి ఆన్ చెయ్యండి. ఫ్యాను తిరుగుతూ తెర నల్లగా ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. టీవీలో బొమ్మ వస్తే పాడైంది తెర ఒక్కటే అన్నమాట. ఫైళ్ళని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు.

అప్పటికీ రాకపోతే రిపేరు షాపే గతి. "ఫార్మాట్ చేస్తే సరి" అంటే వెంటనే తలూపకండి. ఫార్మాట్ అంటే పలక తుడిచెయ్యడమే! "ముందు డిస్కు తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్ళు కాపీ చేసివ్వండి" అని గట్టిగా చెప్పండి. డిస్కు బోర్డుకే అతికి ఉండే రకమైతే ముందు బోర్డు బాగుచేయించాలి. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి, చాలావరకు అక్కడే ఉంటుంది.

డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాటిమాటికీ ఆన్ చెయ్యకండి. డేటా రికవరీ తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

బాగయ్యాక, ఆవకాయ రెండు జాడీల్లో పెట్టుకున్నట్టు, ముఖ్యమైన ఫైళ్ళ కాపీ ఇంకో డిస్కులో దాచండి. ఒక జాడీకి బూజు పట్టినా రెండోది ఉంటుంది సుమా!